ట్రెగానింగ్ వద్దన్నాడు

దక్షిణ ఆస్ట్రేలియాలోని మా పెన్‌హేల్ రాగి గనిలో ఎబెన్ ట్రెగానింగ్ అంత నిదానంగా మాట్లాడేవాడు మరొకడు లేడు. ఆదివారం ప్రార్థన మందిరంలో ఆయన ప్రసంగానికి లేస్తే, మాటకీ మాటకీ నడుమ ఒక రొట్టె తినేయొచ్చని ఎగతాళి చేసేవాళ్లం. అలాంటివాడు, గనిలోకి దిగే మూడో బావిలో పైకప్పు కూలి ఇద్దరు చనిపోయినప్పుడు విచారణలో నోరు విప్పాడు. ఆసరా దుంగలు పుచ్చిపోయాయని మా అందరికీ తెలుసు. చెప్పింది ఆయనొక్కడే. ఆ వారమే ఆయన పని ఊడింది.

దాంతో 1910లో మా గనిపనివాళ్ల సంఘం ఆయన్ని శాసనసభకు నిలబెట్టి గెలిపించింది. అడిలైడ్‌లో ఆయన ఉపన్యాసాలేవీ దంచలేదు. గని దుంగల్ని పనివాళ్లు ఎన్నుకున్న మనిషే తనిఖీ చేయాలన్న చట్టం కోసం మాత్రం నాలుగేళ్లు తిరిగి, సాధించాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఎబెన్ ఒక్కగానొక్క కొడుకు జేబెజ్ తనంతట తానే సైన్యంలో చేరి, 1916 జులైలో ఫ్రాన్సులో పోయాడు. మూడు నెలలకే ప్రభుత్వం, యువకుల్ని బలవంతంగానైనా యుద్ధానికి పంపవచ్చా అని జనాన్ని ఓటు అడిగింది. కొడుకుని పోగొట్టుకున్నవాడు పంపాలనే అంటాడని ఊరంతా అనుకుంది. ఆయన భార్య లవ్‌డే కూడా.

దానిమీద ఊరి హాల్లో సభ పెట్టారు. ఎబెన్ టోపీ అంచు తిప్పుతూ లేచాడు.

"మావాడు వెళ్తానన్నాడు, వెళ్లాడు. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. మీ పిల్లల్ని లాక్కెళ్లమనడానికీ ఒప్పడం లేదు. నేను వద్దనే ఓటేస్తాను."

మాంసం కొట్టు హోస్కిన్ వెనకనుంచి, "కొడుకు ప్రాణానికి నువ్విచ్చే విలువ ఇదేనా?" అన్నాడు. ఎబెన్ టోపీ పెట్టుకుని లవ్‌డేతో బయటికి నడిచాడు.

మాది వాళ్ల పక్కిల్లే. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల వెనకే నడిచాను.

"నా ఒక్కదాని కడుపే ఎందుకు కాలాలి, ఎబెన్?" అంది లవ్‌డే. "నేను పంపాలనే వేస్తా. ముందే చెబుతున్నా."

"వెయ్యి. నీ ఓటు నీది."

"అంతేనా?"

"నీది తప్పని నేననలేను. అదే నా బాధ."

ఓటు రోజున ఇద్దరూ కలిసే వెళ్లి, చెరో రకంగా వేసి వచ్చారు. దేశం వద్దనే అంది. మా ఊళ్లో కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లు మాత్రం ఎబెన్‌ని క్షమించలేదు.

1918 ఎన్నికల్లో లవ్‌డే నల్లబట్టల్లోనే ఆయన కోసం ఇంటింటికీ తిరిగింది. ఆనాడు నువ్వే ఎదురు ఓటేశావు కదా వదినా అని మా ఆవిడ అడిగితే, "ఆయన వద్దన్న మాట నాకిప్పటికీ మింగుడుపడదు. కానీ మనకు గిట్టని మాట మన మొహం మీదే చెప్పేవాడు, పోటీచేసేవాళ్లలో ఇంకెవడున్నాడు?" అందట.

ఎబెన్ నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గనివాళ్లు మళ్లీ పనిలోకి తీసుకోలేదు. రైలుపట్టాల పనిలో చేరాడు.

రెండేళ్లకు యుద్ధంలో పోయినవాళ్లకు ఊళ్లో రాతిస్తంభం కట్టారు. దాని ఆవిష్కరణలో మాట్లాడమని హోస్కినే వచ్చి ఎబెన్‌ని పిలిచాడు. తను కాదు, లవ్‌డే మాట్లాడుతుందన్నాడు ఎబెన్. ఆ రోజు ఆమె స్తంభం మీది ముప్ఫైయొక్క పేర్లూ ఒక్కొక్కటిగా చదివి, కొడుకు పేరు దగ్గర కూడా ఆగకుండా పూర్తిచేసి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది.