కళ్లు తెరవని పిల్ల

చంటిపాపకు మందు చుక్కలు వేసే ఫిల్లర్ పట్టుకుంటే చాలు, మెదక్‌లో ఆ బంద్ రోజు గుర్తొస్తుంది.

కుక్కపిల్ల కళ్లు తెరవగానే ఎవరిని చూస్తే వాళ్లదైపోతుందని మా గల్లీ పిల్లల నమ్మకం. అందుకే రైస్‌మిల్లు వెనక పొట్టుకుప్పలో, తల్లి లేని సమయం చూసి, ఇంకా కళ్లు తెరవని పిల్లను గౌనులో చుట్టి తెచ్చాను. ఇంకు ఫిల్లర్‌తో బర్రెపాలు పోస్తే ముక్కులోంచి వచ్చేశాయి. ఒళ్లు చల్లబడిపోతోంది. పశువుల దవాఖాన మూసి ఉంది.

"గింత పసిగుడ్డును తల్లి దగ్గరికెల్లి గుంజుకొస్తరానే? జల్ది నడువు!" అంటూ నానమ్మ దాన్ని కొంగులో చుట్టింది.

రోడ్డంతా నినాదాలు. గోడవారగా పరుగెత్తాం. మమ్మల్ని చూసి తల్లికుక్క గుర్రుమంది. నానమ్మ పిల్లను పొట్టు మీద పెట్టి నన్ను వెనక్కి లాగింది.

"మన వాసన తాకింది. రానిస్తదో లేదో."

తల్లి వాసన చూసింది. పక్కకు తిరిగింది. మళ్లీ వచ్చి వాసన చూసింది. చివరికి నాకడం మొదలుపెట్టింది.

అప్పుడే తెరిచిన కళ్లకు ఏదీ సరిగా కనబడదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. అందుకే చాలా రోజులు నేను మిల్లు వైపే పోలేదు, అది మొదట వాళ్లమ్మనే చూడాలని.