బోర్లా పెట్టిన ఫోన్

ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టడం నాకు రెండేళ్లుగా అలవాటు. కిస్తులన్నీ కట్టేశాను, అలవాటు మాత్రం పోలేదు. ఎదుటివాళ్లు దాన్ని మర్యాద అనుకుంటారు. మర్యాదా లేదు, మన్నూ లేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో కాంట్రాక్టు మీద ట్రాలీలు తోసేవాణ్ని. డిగ్రీ చదివి ట్రాలీలు తోస్తున్నానన్న వెలితిని కప్పుకోవడానికే కాబోలు, శంషాబాద్‌లో ఒక షాపుకెళ్లి ఖరీదైన ఫోన్ కిస్తుల మీద తీసుకున్నాను. నాతో పనిచేసే స్నేహితుడు కూడా అదే రోజు, అదే రంగుది తీసుకున్నాడు. ఒక్క కిస్తు తప్పినా ఫోన్ దానంతటదే లాకైపోతుందని షాపువాడు ముందే చెప్పాడు. "మాకెందుకు తప్పుతది అన్నా" అని నవ్వుతూ సంతకం పెట్టాను.

ఆ తర్వాత కాంట్రాక్టర్ రెండు నెలలు జీతం ఆపాడు.

సరిగ్గా అప్పుడే కొత్తూరులో ఒక గోడౌన్‌లో ఉద్యోగాలున్నాయని తెలిసింది. జీతం మాకొచ్చేదానికి దాదాపు రెట్టింపు, పైగా ప్రతి నెలా ఒకటో తారీఖున బ్యాంకులో పడుతుంది. ఆ ఒకటో తారీఖు మాట నాకు రెట్టింపు జీతం కంటే తీయగా వినిపించింది. ఇద్దరం వెళ్లాం. అడిగినవాటికి బాగానే చెప్పాను, తీసుకుంటామన్నారు కూడా. చివర్లో ఆఫీసులో ఉన్న అక్క నా వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తూ, "తమ్మీ, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, జర చెప్పు" అంది.

జేబులోంచి తీశాను. పొద్దున బస్సెక్కేటప్పుడు బాగానే ఉన్న ఫోన్. ఇప్పుడు స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు. కిస్తు బాకీ ఉంది, వెంటనే చెల్లించండి.

"ఫోన్ ఇంట్ల మర్చిపోయిన అక్కా" అన్నాను.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను సర్టిఫికెట్లు తీసుకుని బయటికి నడిచాను. వెనక నుంచి ఆమె పిలుస్తూనే ఉంది.

గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డాను. అరగంటకు స్నేహితుడు చేతిలో ఉద్యోగం కాగితంతో వచ్చాడు. వాడి ఫోన్ కూడా లాకైందట.

"మరి ఏం చెప్పినవ్‌రా?"

"ఏం చెప్త? జీతం రాలే, కిస్తు కట్టలే, లాకైంది అక్కా అన్న. ఆమె నవ్వి, ఇంట్ల ఎవలదన్న నంబరు చెప్పుమన్నది. మా బాపుది చెప్పిన."

అంతే. అంత సులువు. వాడి మీద నాకు ఒళ్లు మండిపోయింది. వాడు చేసిన తప్పేమీ లేదు, అందుకే ఇంకా ఎక్కువ మండింది.

మా బాపు ప్రతి వానకాలం ఎరువుల షాపులో అప్పు పెట్టేవాడు. సేటు పక్కనే కుర్చీలో కూర్చుని చాయ్ తాగేవాడు. పత్తి సరిగ్గా రాని ఏడు అందరి ముందే "జర ఆగు సేటూ" అనేవాడు. ఆయన అప్పు చేసింది పొలం కోసం. నేను చేసింది నలుగురిలో గొప్పగా కనబడటం కోసం. ఆ గొప్పే నలుగురిలో నా పరువు తీస్తుంటే ఏమని చెప్పుకోను? అందుకే అబద్ధమాడాను. ఆ ఉద్యోగం అప్పు వల్ల పోలేదు, నా వల్ల పోయింది.

ట్రాలీలు తోస్తూనే బాకీ తీర్చాను. ఆఖరి కిస్తు కట్టిన వారానికి షాపువాడు ఫోన్ చేసి, "నీ రికార్డు మస్తుంది తమ్మీ, ఇంకో పెద్ద ఫోన్ తీస్కో" అన్నాడు. వాడి లెక్కలో నేను నమ్మదగ్గవాణ్ని. నాకే నా మీద ఆ నమ్మకం లేదు. కొత్త పనికి దరఖాస్తు పెడదామంటే, ఎవరో చెయ్యి చాపి ఫోన్ చూపించమంటారనే అనిపిస్తుంది. ఇప్పటికీ ఆ పార్కింగ్‌లోనే ఉన్నాను.

మొన్న స్నేహితుడు ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఆ గోడౌన్‌లో సూపర్‌వైజర్.

"ఒక ఖాళీ పడ్డది. సోమారం రా, నీ గురించి చెప్పిన" అన్నాడు.

"ఆఫీసుల ఆ అక్క ఇంక ఉన్నదా?"

"ఉన్నది. నువ్వు యాదికున్నవ్ ఆమెకు. ఆ పిల్లగాడు గట్ల ఎందుకు పోయిండని అడిగింది."

"సోమారం నాకు డ్యూటీ ఉన్నది" అన్నాను.

వాడు వెళ్లాక, పక్కనే కూర్చుని అంతా విన్న బాపు అడిగాడు. "సోమారం నీకు సెలవు గద బిడ్డా?"

"డ్యూటీ మార్చిన్రు బాపు" అన్నాను.

అప్పటికి నేను ఎవరికీ ఒక్క రూపాయి కూడా బాకీ లేను.