పక్కింటి పాతర

నా చిన్నప్పుడు పక్కింటి అక్క మీద ఉన్నంత కుళ్ళు నాకు ఇంకెవరి మీదా లేదు. ఆమె కమ్మలు చూసి కాదు, చదువు చూసీ కాదు. వాళ్ళ ఇంటి ముందర ఒక పాతర ఉండేది. నేలలో గొయ్యి తవ్వి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేవాళ్ళు. నా కుళ్ళంతా దాని మీదే.

పులివెందుల దగ్గర మా పల్లెలో ఆ ఏడు జొన్నలకు ఎప్పుడూ లేని ధర పలికింది. మా నాయన సంబరపడి పండినవన్నీ బండికెత్తించి ప్రొద్దుటూరికి తోలాడు. తిండికని పక్కన పెట్టే గింజలు కూడా ఆ బండిలోనే పోయాయి. అమ్మ వద్దంటే, "ధర దిగినాక మనమే కొనుక్కుందాంలేమే, దిగకుండా యాడికి పోతాది?" అన్నాడు. పక్కింటి అక్క వాళ్ళ అవ్వ మాత్రం ఏడాది తిండి పాతరలో పోసి, మిగిలినవే అమ్మింది. ఆమెకు బేరం తెలీదని మా నాయన నవ్వాడు.

ధర దిగలేదు. వానలు మొహం చాటేశాయి, ఎండాకాలానికి ధర ఇంకా ఎక్కి కూర్చుంది. జొన్నలమ్మిన డబ్బు, నీళ్ళ కోసం మా నాయన మొదలుపెట్టిన బావి తవ్వకానికే చాల్లేదు. మా సంగటి ముద్ద చిన్నదవుతూ వచ్చి, చివరికి గంజి మిగిలింది. అప్పుడే పక్కింటివాళ్ళు పాతర తీశారు. పాతర జొన్నలకు కొంచెం ముక్క వాసన ఉంటుంది. మామూలు రోజుల్లో అయితే ముక్కు మూసుకునేదాన్ని. ఆ రోజు గోడ దగ్గర నుంచి కదల్లేకపోయాను. అక్క వేరుశనగ ఊరుబిండి అద్దుకుని సగం ముద్ద తిని, చాలని లేచింది. సగం వదిలేసింది! జుట్టు పట్టుకుని లాగాలనిపించింది.

అవ్వ నన్ను చూసింది. "ఏంది పాపా, ఆడ నిలబడి సూస్తాండావు? రా, కూసో" అని నాకూ ముద్ద పెట్టింది. కడుపు నిండినా నా నోరు ఊరుకోలేదు.

"ఇన్ని గింజలుండాయి గదా అవ్వా, ఇప్పుడమ్మితే శానా దుడ్లొస్తాయంట" అన్నాను. అవన్నీ అమ్ముకుని వాళ్ళూ మాలాగే కావాలని నా కోరిక.

అవ్వ నా కంచం తీసి పక్కన పెట్టింది. "వస్తాయి. మళ్ళ ఆ దుడ్లెత్తుకోని ఇంకొకరి పాతర కాడ నిలబడల్ల. ధర సూసేది అమ్మే గింజకు. తినే గింజకు ధర కట్టగూడదు పాపా."

గంప నిండా జొన్నలు నా నెత్తిన పెట్టి పంపింది. మా నాయన దుడ్లిస్తానంటే ఒప్పుకోలేదు. ధర ఎంతుంటే తనకేందని, పంటొచ్చినాక జొన్నలకు జొన్నలే ఇయ్యమంది. గంప ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపి పంపింది, కొత్త పంట దాకా మేం ఆ గింజలే తిన్నాం. నా కుళ్ళు మాత్రం తగ్గలేదు. తింటున్నవీ వాళ్ళవే కదా.

ఇప్పుడు జమ్మలమడుగులో ఉంటున్నాను. ఉల్లిగడ్డ ధర ఎగబాకిందనీ, టమోటా రోడ్డున పోశారనీ టీవీలో చూపిస్తుంటారు. మద్దతు ధర, గోదాములు అంటూ పెద్దలు వాదించుకుంటారు. రైతుకు ఎంత రావాలో, కొనేవాడు ఎంత పెట్టగలడో వాళ్ళకు తెగదు. ఇంట్లో తిండికి ఎంత ఉంచారో ముందు అడగరేమని నాకు కోపం వస్తుంది. నేను మాత్రం పంట వచ్చిన నెలలోనే ఏడాది గింజలు బస్తాలకెత్తించి ఇంట్లో పెట్టుకుంటాను, పురుగు పడుతుందని కోడలు విసుక్కున్నా సరే.

అయినా ఎండాకాలంలో ఎవరింట్లోనైనా మా కంటే నిండు బస్తా కనబడితే ఈ వయసులోనూ కడుపు మండుతుంది. గబగబా ఇంటికొచ్చి, మా బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసుకుంటాను.