తప్పు రాసినవాడికి చప్పట్లు

కోల్‌కతా విమానాశ్రయంలో నేను విమానాల మెకానిక్‌ని. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతాను. నిరుడు మా ఉద్యోగుల్లో భద్రత పట్ల శ్రద్ధ ఎంతుందో అంచనా వేయడానికి ఒక అధికారిణి వచ్చారు. పన్నెండేళ్లలో నా పేర ఒక్క తప్పూ నమోదు కాలేదు. మెప్పు నాదేననుకున్నాను.

ఆమె మాత్రం నా దగ్గర పని నేర్చుకున్న అప్పన్నను అందరి ముందు మెచ్చుకున్నారు. ఇంజిన్‌లో టార్చిలైటు మరిచిపోయానని తనంతట తానే రాసిచ్చాడట! అందరూ కొట్టిన చప్పట్లకు నా కడుపు మండిపోయింది.

"మరిచిపోయినవాడికి సన్మానమా?" అన్నాను.

"నీకేటన్నా, దేవుడి బిడ్డవి. తప్పులే సెయ్యవు!" అన్నాడు అప్పన్న. అందరూ నవ్వారు.

అధికారిణి నవ్వలేదు. "తప్పు జరగలేదా, లేక జరిగినా మీరు రాయలేదా?" అని నన్ను అడిగారు.

జరిగింది, నేనే రాయలేదు. ఒకసారి చక్రం బోల్టు బిగింపు చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టాను. విమానం కదలకముందే గుర్తొచ్చి, పరుగున వెళ్లి బిగించాను. దేవుడి ముందు ఏడ్చి ఒప్పుకున్నాను గానీ, మనుషులెవరికీ చెప్పలేదు.

అధికారిణి అడిగిన రోజే ఫారం తీసుకుని ఆ సంగతి రాసిచ్చాను. తప్పును అంత తేలిగ్గా ఒప్పుకోగల అప్పన్న మీద అసూయ ఇంకా ఉంది. దాన్ని తీసెయ్యమని మాత్రం ప్రార్థించడం లేదు; ఆ ఫారం నా చేత రాయించింది అదే.