మంచులో హ్యాండు బ్రేకు

మేం పట్టాళం పోస్టుకు చేరింది అక్టోబరు ఆఖర్లో, ఒక మధ్యాహ్నం. ఎత్తు పదిహేను వేల అడుగుల పైన. ఎండ ఉంది, వేడి లేదు. బండి దిగి నాలుగడుగులు వేసేసరికి తల తేలిపోయింది. కిందికి చూస్తే అన్నీ మేఘాలే. మేం ఎక్కి వచ్చిన రోడ్డు వాటిలోకి దిగి మాయమైంది. ఇది డెబ్బైల్లో, లడక్ వైపు మాట. తిరువూరు లారీ స్టాండులో కుర్రాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, "బాబాయ్, బండి ఆపితే హ్యాండు బ్రేకు లాగాలా, గేర్లో వదిలేస్తే చాలా?" అని. వాళ్లకు రెండు ముక్కల్లో జవాబు కావాలి. నాకేమో మళ్లీ ఆ కొండ ఎక్కి దిగితే గానీ జవాబు రాదు. తీరిక ఉన్నవాళ్లు కూర్చుంటారు, లేనివాళ్లు టీ తాగి వెళ్లిపోతారు.

నాతో వచ్చిన రెండో డ్రైవరుది గంపలగూడెం. అక్కడ మా ఇద్దరికీ పెట్టిన పేరు ఒకటే, మద్రాసీ. ఒకణ్ణి పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం. అందుకని వాణ్ణి నేను గంపలగూడెం అనేవాణ్ణి, వాడు నన్ను అన్నా అనేవాడు. పట్టాళంలోకి రాకముందు మా తిరువూరులోనే ఒక రైస్ మిల్లు లారీ తోలాడు. ఆదివారం బంకర్లో మూల కూర్చుని, ఎవరికీ వినబడకుండా ప్రార్థన చేసుకునేవాడు. మంచి చెయ్యి. ఎంత ఇరుకు మలుపైనా బండి వాడి మాట వినేది.

మొదటి సాయంత్రమే హవల్దారు మమ్మల్ని బండి దగ్గర నిలబెట్టాడు. కొండ ప్రాంతపు మనిషి, మాట తక్కువ.

"ఇక్కడ హ్యాండు బ్రేకు లేదనుకోండి," అన్నాడు. "బండి ముక్కు పల్లానికి పెట్టండి. ఇంజను ఆపి రివర్సు గేరు వెయ్యండి. నాలుగు చక్రాల కిందా రాళ్లు. అంతే."

కారణం సులువు. పైకి వచ్చే దారిలో బండి రెండు వాగులు దాటాలి. బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్లు పోతాయి. ఆ తడి మీద బ్రేకు లాగి వదిలేస్తే తెల్లారేసరికి గడ్డకట్టి లోపలి లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోతుంది. ఇక చక్రం తిరగదు. ముక్కు పల్లానికి ఎందుకంటే, ఆ చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. పొద్దున రాళ్లు తీసి, గేరు న్యూట్రల్ చేసి, బండిని దానంతట అది దొర్లనిచ్చి, ఊపు వచ్చాక సెకండు గేర్లో క్లచ్చి వదలాలి. అక్కడ సెల్ఫు స్టార్టరు అదే.

"మా మిల్లు ఓనరు చూస్తే గుండె ఆగిద్ది అన్నా," అన్నాడు గంపలగూడెం. "బ్రేకు లాక్కుండా సీటు దిగావంటే నీ పెళ్లాం మెళ్లో తాడు నువ్వే తెంపావనుకో అని రోజూ సాధించేవాడు."

"ఆయన్ని ఇక్కడికి రమ్మను. వాగులో దించి తెల్లారి చూద్దాం," అన్నాను.

ఆ ఎత్తున రోజులు ఒకదాన్నుంచి ఒకటి విడివడవు. గాలి పల్చన. మెలకువలో కూడా సగం నిద్రే. బంకర్లో కిరోసిన్ పొయ్యి గుడగుడమంటూ ఉండేది. కళ్లు మూస్తే తిరువూరు దగ్గర కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కనిపించేవి, ముక్కుకు ఘాటు కూడా తగిలేది. తెరిస్తే తెలుపు. కొన్నాళ్లకు ఏది చూస్తున్నానో, ఏది తలుచుకుంటున్నానో తేడా తెలియకుండా పోయింది. నిజం చెప్పాలంటే ఆ మైకం నాకు బాగుండేది.

మమ్మల్ని నిలబెట్టింది రేడియో మనిషి. సన్నగా ఉండేవాడు, ఎక్కడో గంగ ఒడ్డు ఊరు. కింది క్యాంపుతో మా మాటంతా వాడి చేతుల మీదుగా పోవాలి. మాకు వార్తలు వాడే, వాతావరణం వాడే. "కంట్రోల్, కంట్రోల్, ఎలా వినబడుతోంది? ఓవర్" అనే ఆ గొంతు వింటే మేం ఇంకా లోకంలోనే ఉన్నామని ధైర్యం. ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అని. డ్యూటీ అయ్యాక గంపలగూడేన్ని కూర్చోబెట్టి మీ ఊరి సంగతులు చెప్పు అనేవాడు. చలికాలమంటూ లేని ఊరు ఉంటుందంటే వాడికి వింత.

జనవరిలో వాడికి దగ్గు పట్టుకుంది. ఆ ఎత్తులో దగ్గంటే అందరికీ భయమే. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. దానికి మందు ఒకటే, మనిషిని కిందికి దించడం. ఆ రోజు గంపలగూడెం కిరోసిన్ పీపాలతో పైకి వస్తున్నాడు. నేను బంకర్లో జ్వరంతో పడుకుని ఉన్నాను. మాకున్నది ఆ ఒక్క బండే. వాడు వచ్చేసరికి పొద్దు వాలింది, మంచు మొదలైంది, రోడ్డు కనపడటం లేదు. తెల్లారగానే దించుదాం అన్నాడు హవల్దారు. గంపలగూడెం బండి ముక్కు పల్లానికి తిప్పి, రాళ్లు పెట్టి, తూలుతూ లోపలికొచ్చి పడ్డాడు.

తెల్లారేసరికి రేడియో మనిషి పెదాలు నీలంగా మారాయి. ఊపిరి తీస్తుంటే లోపల గరగరమంటోంది. హవల్దారే రేడియో సెట్టు ముందు కూర్చున్నాడు.

"మనిషిని దించుతున్నాం. డాక్టర్ని ఉంచండి. ఓవర్."

జవాబు లేదు. స్ట్రెచర్ మీంచి సన్నగా గొంతు వచ్చింది. "బటన్ వదలండి సాబ్. మీరు వదిలితే వాళ్లు మాట్లాడతారు."

అందరం నవ్వాం. వాడూ నవ్వబోయి దగ్గాడు.

వాణ్ణి క్యాబిన్లో మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టాం. రాళ్లు తీశారు. గంపలగూడెం గేరు న్యూట్రల్ చేశాడు. బండి కదల్లేదు. వెనక నుంచి నలుగురు తోశారు. ఊహూఁ. అప్పుడు వాడి చూపు సీటు పక్కకు పోయింది. హ్యాండు బ్రేకు పైకి లాగి ఉంది. వదిలాడు. లివర్ కిందికి వచ్చింది గానీ, చక్రాలు రాతిలో పాతేసినట్టున్నాయి.

హవల్దారు వచ్చి లివర్ చూశాడు, వాణ్ణి చూశాడు.

"చెయ్యి దానంతటదే లాగింది సాబ్," అన్నాడు గంపలగూడెం.

నాకు వాడి మీద కోపం రాలేదు, భయం వేసింది. వెనక చక్రాల దగ్గర చేతనైనదంతా చేశాం. గోనెపట్టాలు కిరోసిన్లో ముంచి డ్రమ్ముల కింద వెలిగించాం. వంటవాడు టీ డేగిసా తెచ్చి పోశాడు. అది చాలక అందరం వరసగా నిలబడి మూత్రం పోశాం. నవ్వుకోండి, అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. గంపలగూడెం బండి కింద పడుకుని సుత్తితో డ్రమ్ము మీద కొడుతూనే ఉన్నాడు. ఎప్పటికోగాని ఒకటి టప్పుమని వదల్లేదు. రెండోది ఇంకా మొండికేసింది. అంతా అయ్యేసరికి గంట దాటింది.

బండి దొర్లింది. ఇంజను అందుకోలేదు. వాడు ఆపలేదు, కాలి బ్రేకు మీదే దించాడు. కాసేపటికి మేఘంలోకి దిగాం. అటు లోయ, ఇటు కొండ, రెండూ లేవు. ఇంజను చప్పుడు లేదు. టైర్ల కింద మంచు మెత్తగా నలుగుతున్న చప్పుడు ఒక్కటే. మేం రోడ్డు మీద ఉన్నామో గాలిలో ఉన్నామో నాకు తెలియలేదు. అంత హాయి అయిన ప్రయాణం నేనెప్పుడూ చెయ్యలేదు. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

మధ్యలో కూర్చున్నవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. సెట్టు ముందు ఉన్నాననుకున్నాడు.

"కంట్రోల్, కంట్రోల్. ఎక్కడున్నారు? ఓవర్."

నిద్రపోతే ప్రమాదం. వాణ్ణి పలికిస్తూ ఉండాలి. గంపలగూడెం రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, వాడికి వచ్చిన ముక్కల హిందీలో జవాబిచ్చాడు.

"తిరువూరులో ఉన్నాం. ఓవర్."

"వాతావరణం? ఓవర్."

"ఎండ. మాడు పగిలిపోతోంది. ఓవర్."

"రోడ్డు? ఓవర్."

"రోడ్డు బాగుంది. ఇదిగో, గంపలగూడెం దారి పట్టాం. పక్కన పత్తి చేలు. నెమలి ఊళ్లో గుడికి వెళ్లే బండ్లు ఎదురొస్తున్నాయి. జనం గొడుగులు వేసుకున్నారు. ఓవర్."

గంపలగూడెం బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా తొణకలేదు. ఇంజను ఎప్పుడు అందుకుందో నేను గమనించలేదు. నాకూ ఎండ కనిపిస్తోంది. మధ్యలో ఉన్నవాడు తల నా భుజానికి ఆన్చి వింటున్నాడు. "వేడిగానే ఉంది," అన్నాడు ఒకసారి, సంతోషంగా. ఓవర్ అనలేదు.

"మా ఇంటికి వచ్చేశాం. మజ్జిగ తాగుతావా? ఓవర్," అన్నాడు గంపలగూడెం.

మళ్లీ అడిగాడు. ఆ తర్వాత కూడా క్యాంపు వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.

డాక్టరు రేడియో మనిషిని లోపలికి తీసుకెళ్లి, ఎంతోసేపు పట్టకుండానే బయటికి వచ్చాడు. గంపలగూడెం బండి దగ్గరే, చక్రానికి తల ఆన్చి కూర్చున్నాడు. అందుకని డాక్టరు నాతోనే చెప్పాడు. "ఒక్క గంట ముందు వచ్చుంటే బతికించేవాణ్ణి."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

అక్కడి డ్యూటీ గడువు ముగిశాక ఇద్దరం ఒకే రైల్లో వచ్చి, బెజవాడలో బస్సెక్కి, తిరువూరులో దిగాం. మే నెల. రోడ్డు మీద తారు కరుగుతోంది. వాడు ఆ తర్వాత ఎంతోకాలం పట్టాళంలో ఉండలేదు. నేనూ సర్వీసు అయిపోయి వచ్చేసరికి మళ్లీ మిల్లు లారీ తోలుతున్నాడు. నిప్పులు చెరిగే ఎండలో, చదునైన మిల్లు దొడ్లో, లారీని గేర్లో వదిలి చక్రాల కింద రాళ్లు పెట్టేవాడు. హ్యాండు బ్రేకు ముట్టుకునేవాడు కాదు. ఓనరు తిట్టేవాడు, జనం నవ్వేవాళ్లు. నా ఎదురుగా నవ్వినవాణ్ణి మాత్రం నేను ఊరుకోలేదు. మన ఊళ్లో బ్రేకు లాగే దిగాలి, గేరును నమ్మకూడదు. కుర్రాళ్లకు అదే చెబుతాను. వాడికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒకనాడు స్టాండులో టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు. "అన్నా, ఆ డాక్టరు ఆ రోజు నీతో ఏమన్నాడు?"

"ముందురోజు దించినా బతికేవాడు కాదన్నాడు."

"సరే అన్నా," అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని లారీ ఎక్కాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ఇంకోసారి అడిగినా అదే చెబుతాను.

నన్ను వదలనిది ఒకటుంది. డాక్టరుతో మాట్లాడి వచ్చి క్యాబిన్ తలుపు తీశాను. రేడియో మనిషి చేతి తొడుగులు ముందు అద్దం కింద ఉన్నాయి. దారిలో ఎప్పుడు తీశాడో మేం చూడలేదు. ఒకదాని మీద ఒకటి, వేళ్లు సర్ది పెట్టి ఉన్నాయి, ఇంటికి చేరినవాడు తీసి పెట్టుకున్నట్టు.