జేబెజ్ చెడగొట్టిన తెడ్డు

కార్న్‌వాల్ తీరంలోని పోర్త్‌వెనా రేవులో జేబెజ్ నాన్‌కారో తెడ్డు వేస్తే చుక్క నీరు చిందేది కాదు. వేసవి పందేల్లో ఆరు తెడ్ల పడవలో మిగతావాళ్ళు అందుకునే వరస ఇచ్చేది ఆయనే. దానిమీద ఆయనకు కొండంత గర్వం, కాస్త ఎక్కువే. ఆయన భార్య కెజయా పెళ్ళికి ముందు ఒకసారి ముచ్చటపడి తెడ్డు పట్టింది. అది నీళ్ళకు అందలేదు. కాళ్ళు పైకి లేచి ఆమె వెల్లకిలా పడింది, టోపీ సముద్రంలో పడింది. ఆ సంగతిని ప్రతి పందెం రోజూ ఊరందరి ముందూ అభినయించి మరీ నవ్వించేవాడు. కెజయా పైకి నవ్వేది గానీ లోపల మనసు చివుక్కుమనేది.

మొదటి ప్రపంచ యుద్ధం మూడో ఏడు జేబెజ్ ఒక మారువేషపు ఓడ ఎక్కాడు. చూడ్డానికి అది బొగ్గు మోసే ముసలి ఓడ. పక్క పలకల చాటున మాత్రం ఫిరంగులు. శత్రువు జలాంతర్గామి దెబ్బ కొట్టగానే కొందరు గోలగోలగా పడవలోకి దూకి పారిపోతున్నట్టు నటించాలి. ఓడ ఖాళీ అయిందనుకుని జలాంతర్గామి పైకి తేలి దగ్గరికి వస్తే, పలకలు తోసి ఫిరంగులు పేల్చాలి. జేబెజ్ పారిపోయేవాళ్ళలో ఉన్నాడు. ఫిరంగుల పక్కన బోర్లా పడుకునేవాళ్ళలో కెజయా తమ్ముడు డిగోరీ ఉన్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం టార్పెడో ఓడ ముక్కు పగలగొట్టింది. పడవ దించారు. అందరూ అరిచారు. వంటవాడు చిలక పంజరం కౌగిలించుకుని బావురుమన్నాడు. అంతా సవ్యంగానే ఉంది, జేబెజ్ తెడ్డు తప్ప. అది అలవాటుగా చక్కగా పడుతోంది, మిగతావాళ్ళు దాని వరసే అందుకున్నారు. పడవ పందెంలో ఉన్నట్టు తిన్నగా పోతోంది. దూరంగా జలాంతర్గామి పెరిస్కోపు ఉన్నచోటే ఆగిపోయింది.

"ఒరే నాన్‌కారో!" చుక్కాని దగ్గరున్న అధికారి పళ్ళు కొరికాడు. "చచ్చే భయంతో పారిపోయేవాళ్ళు ఇలా వేస్తారట్రా? మేం నేవీ వాళ్ళమని వాడికి ఉత్తరం రాస్తున్నావా?"

"చేతులు వినట్లేదండీ!"

"ఇంకో టార్పెడో వదిలాడంటే ఓడలో ఉన్నవాళ్ళు మిగలర్రా!"

జేబెజ్‌కు డిగోరీ గుర్తొచ్చాడు. చెడ్డగా తెడ్డు వేయడం ఆయన ఏనాడూ నేర్వలేదు. ఎవరు వేయగా చూశాడు? కెజయా! రెండు చేతులూ దగ్గరగా, గరిటె పట్టినట్టు పట్టుకుంది. అలాగే పట్టి బలంకొద్దీ లాగాడు. తెడ్డు గాలిని కోసింది. వెల్లకిలా వెనకవాడి ఒళ్ళో పడ్డాడు. తెడ్లు చిక్కుపడి, పడవ గిర్రున తిరిగింది. తిట్లు నిజంగానే మొదలయ్యాయి. టోపీ మాత్రం కావాలనే సముద్రంలోకి విసిరాడు.

జలాంతర్గామి పైకి తేలి దగ్గరికి వచ్చింది. పలకలు పడ్డాయి, ఫిరంగులు మోగాయి, జలాంతర్గామి మునిగింది. నీళ్ళలో ఈదుతున్న ఎనిమిదిమంది శత్రువులను ఎక్కించుకొచ్చింది కూడా ఆ పడవే. అప్పుడు జేబెజ్ తెడ్డు మళ్ళీ చక్కగా పడింది.

ఆ వేసవి సెలవుకు వచ్చిన జేబెజ్, ఊళ్ళో వాళ్ళు కెజయా పడిపోయిన కథ చెప్పమంటే చెప్పనన్నాడు.

"ఏమయ్యా, ఏం వెధవపని చేసొచ్చావు?" అంది కెజయా.

"యుద్ధం అయ్యాక చెబుతానే. ఇప్పుడు చెప్పకూడదు."

యుద్ధం అయిపోయింది. ఆనాటి పోరుకు ఆయనకు పతకం వచ్చింది. తర్వాతి పందెం రోజున, డిగోరీ ఎదురుగా కూర్చుని మాంసం కూరిన పేస్టీ తింటుండగా, జేబెజ్ జరిగిందంతా ఊరికి చెప్పాడు. "ఆ పూట తెడ్డు వేసింది నేను కాదు, ఇదిగో ఈవిడ," అంటూ పతకం తీసి కెజయా గౌనుకు తగిలించాడు. ఇన్నేళ్ళూ ఆమె మీద ఊరిని నవ్వించినందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది. డిగోరీ తినడం ఆపేసి అక్కనే చూస్తున్నాడు.

కెజయా కళ్ళు తుడుచుకుంది. పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇది సరేనయ్యా. మరి నా టోపీ? పద్దెనిమిదేళ్ళయింది."

ఊరంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది కెజయానే.