నల్లమచ్చ అంచు కోసం

రాళ్ళంటే నాకు పిచ్చి అని మా ఆయన పదిమందిలో ఎగతాళి చేస్తుంటాడు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేదానికి ఆ మాత్రం పిచ్చి లేకపోతే ఎట్లా? ఆ ఆదివారం ముగ్గురం మైపాడు బీచికి పోయింది మాత్రం రాళ్ళ కోసం కాదు, ఏడేళ్ళ మా పాప గోల పడలేక.

ఊరికి కాస్త అవతల, ఒడ్డు కోసుకుపోకుండా లారీలతో తెచ్చి పోసిన గ్రానైట్ గుండ్లున్నాయి. నీళ్ళ పక్కనే ఉన్న ఒక గుండులో పిడికెడంత నల్లమచ్చ కనబడింది. ఇక నన్నెవరు ఆపుతారు?

ఇట్లాంటి మచ్చలు ఎక్కువగా రెండు రకాలుగా పుడతాయి. భూమి లోపల కరిగిన రాయి పైకి తోసుకొస్తూ చుట్టూ ఉన్న పాతరాతిని విరిచి మింగుతుంది. అరగని ముక్క అందులో మిగిలిపోతుంది. లేదా అడుగునుంచి ఇంకా వేడిగా, ఇనుము ఎక్కువగా ఉన్న మరో ద్రవం వచ్చి, పూర్తిగా కలవలేక ఉండలు కట్టి గడ్డకడుతుంది. గ్రానైట్‌లోని పొటాషియం మచ్చలోకి ఎంత దూరం పాకిందో చూస్తే ఆ కథ కొంత తెలుస్తుంది. అందుకు మచ్చ ఒక్కటే చాలదు, గ్రానైట్ అంటుకుని ఉన్న అంచు కావాలి.

మంచి అంచు కిందివైపు ఉంది. పాపను ఇసుకలో కూర్చోబెట్టి, సంచిలో ఎప్పుడూ ఉండే సుత్తి తీసి రాళ్ళ సందులోకి దిగాను. నాలుగు దెబ్బలు వేశానో లేదో, గుండుకు ఊతంగా ఉన్న రాయి జారింది. గుండు ఒరిగి నా పాదాన్ని సందులో బిగించేసింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

మా ఆయన లాగాడు, గుండును తోశాడు. ఏదీ కదల్లేదు. "పడవలోళ్ళను పిలుచుకొస్తా. కదలబాకు!" అని పరుగెత్తాడు. కదలబాకు అంట! ఎక్కడికి కదులుతాను?

పోటు మొదలైంది. మోకాళ్ళ దగ్గరున్న నీళ్ళు నడుము దాకా వచ్చాయి. భయమేసింది. మనసు మళ్ళించుకుందామని మచ్చనే చూశాను. తెల్లటి స్ఫటికం ఒకటి సగం గ్రానైట్‌లో, సగం మచ్చలో ఉంది. అంటే ఇది విరిగి పడ్డ ముక్క కాకపోవచ్చు. రెండూ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కలిసుండాలి. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు ఏడుపొచ్చింది. రాయి కరిగి దారి చేసుకుంది, నేను కరగలేను.

ఒక అల తల మీదుగా పోయింది. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఇంకో నాలుగు అలలు ఇట్లాంటివి వస్తే అయిపోయానని తెలిసింది. నేను పోయినా పాప కళ్ళముందు పోకూడదనిపించింది.

"అటు తిరిగి కూర్చో తల్లీ. ఇటు చూడబాకు!" అని అరిచాను.

అప్పటికి మా ఆయన నలుగురు మనుషులతో వచ్చాడు. పడవను మోసే దుంగను గుండు కింద దూర్చారు. "అక్కా, మేం ఎత్తగానే కాలు లాగెయ్" అన్నారు. లాగేశాను. తోలు ఊడింది, పాదం వచ్చింది.

ఇసుకలో కూలబడి పాపను ఒళ్ళోకి లాక్కున్నాను. ఏడ్చిన జాడ లేదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఇసుక పడిందా?" అన్నాను.

"లేదమ్మా. నేను అటు తిరగలేదు. నేను చూడకపోతే నువ్వు మునిగిపోతావని రెప్ప కూడా ఎయ్యలేదు."